వదిలినవి

నీళ్ళలో చేపకి గట్టున బేరమాడొద్దంటారు.
నా ఉద్యోగమే అది.
ప్రావిన్స్‌టౌన్ రేవులో, జెట్టీ చివర,
మే నుంచి అక్టోబరు దాకా
ఒక అట్ట, ఒక కొలబద్ద, ఒక పెన్సిలు.
ఇంకు పనికిరాదు, ఉప్పుతడికి ఏడుస్తుంది.

పడవ తాడు కట్టేలోపే అడగాలి:
ఎంతసేపు వేశారు గాలం? ఏం ఎర?
ఎన్ని తెచ్చారు? ఎన్ని వదిలారు?
తెచ్చినవి నేను కొలుస్తాను.
వదిలినవాటికి వాళ్ళ మాటే కొలత.
గాలం పట్టినవాడి మాట ఎంత సాగుతుందో
పదకొండేళ్ళుగా చూస్తున్నాను,
అయినా రాసుకుంటాను.

చారల బాస్‌కి చట్టంలో ఒక ఇరుకు సందు:
ఇరవై ఎనిమిది అంగుళాలకి తక్కువైతే పసిది, వదిలెయ్.
ముప్పై ఒకటి దాటితే తల్లి, వదిలెయ్.
మధ్య మూడంగుళాల్లో పడినది
మనిషికి ఒక్కటి.
పళ్ళ డాక్టర్లు, రిటైరైన పోలీసులు
పావంగుళం కోసం తోక నొక్కి, తోక లాగి
పొలం గట్టు తగాదాలో సర్వేయరుతో మాట్లాడినట్టు
మాట్లాడతారు నాతో.

అడిగితే తల ఇచ్చేస్తారు.
తలలో, చెవి దగ్గర, పుచ్చగింజంత రాయి.
సన్నగా కోసి వెలుగు మీద పెడితే
వలయాలు, ఏడాదికొకటి.
ఈ వేసవిలో చూసినవన్నీ దాదాపు ఒకే ఈడువి,
రెండు వేల పద్దెనిమిదిలో పుట్టినవి.
బడిలో ఒక్క తరగతి కిటకిటలాడుతూ
కింది తరగతుల బెంచీలు ఖాళీగా ఉన్నట్టు.
చెసాపీక్‌లో చలికాలం చలికాలంలా లేదనీ,
గుడ్లకి కావలసిన నీళ్ళు గుడ్లకి అందడం లేదనీ
ఆఫీసులో అంటారు.
నాకు తెలిసింది బెంచీల సంగతే.

మంగళవారం సాయంత్రం
ఆర్లిండో మెడీరోస్ పడవ ఒట్టిగా వచ్చింది.
ఐస్ పెట్టెలో ఐసు, సగం కొరికిన శాండ్‌విచ్.
దిగినవాళ్ళలో ఒక పిల్ల, తొమ్మిదేళ్ళో పదేళ్ళో,
థియొడోరా, ఇంట్లో టెడ్డీ అంటారట.
"ఒకటి వదిలాం," అంది.
ఎంత పొడుగు?
చేతులు బార్లా చాపింది.
చాలలేదు.
పక్కకి జరిగి నాన్న మోచెయ్యి కూడా అరువు తీసుకుంది.

నవ్వబోయి, ఆర్లిండో బొటనవేలు చూశాను.
తోలు లేచిపోయి, గరుకుకాగితంతో రుద్దినట్టు ఎర్రగా.

నలభై ఆరు, అన్నాడు.
ఆడచేప. అరగంట లాగింది పిల్ల,
తండ్రిని ముట్టనివ్వలేదు.
అదే ఎక్కువైపోయింది చేపకి, పక్కకి ఒరిగిపోయింది.
దవడ పట్టుకుని, పడవని నెమ్మదిగా నడిపిస్తూ
మొప్పల్లోకి నీళ్ళు పట్టించాను, ఇరవై నిమిషాలు.
చివరికి వేలు కొరికింది.
కొరికిందంటే, ఇక నేను పోతాననడం.

"బతుకుతుందా?" అని పిల్ల నన్నడిగింది,
అట్ట చేతిలో ఉన్నది నాకు కాబట్టి.

వదిలిన వందలో తొమ్మిది చచ్చిపోతాయని మా లెక్క.
ఏ తొమ్మిదో లెక్కకి తెలియదు.
ఎర లోతుగా మింగినదా, వెచ్చటి నీళ్ళలో దొరికినదా,
ఫోటో కోసం ఎవరో ఎండలో ఎత్తిపట్టినదా.
"ఫోటో తీశారా?" అన్నాను.
"లేదు," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
"చేతులు ఖాళీ లేవు."

జెట్టీ మొదట్లో పాత దూలం ఇంకా ఉంది, ఇనుపకొక్కేలతో.
మనిషికంటే పొడుగు చేపల్ని తలకిందులుగా వేలాడదీసి
పక్కన నిలబడి మీసం దువ్విన కాలం నాటిది.
వెళుతూ వెళుతూ టెడ్డీ
తడికోటు దానికి తగిలించి, మరిచిపోయి,
మళ్ళీ పరిగెత్తుకొచ్చి తీసుకుపోయింది.
కొక్కెం కింద చెక్క మీద కాసేపు తడి.

నా కాగితంలో ఆమె ప్రశ్నకి గడి లేదు.
తెచ్చినవి: సున్న.
వదిలినవి: ఒకటి.
పొడుగు: నలభై ఆరు, వారు చెప్పినది.
'వారు చెప్పినది' అని రాయడం రూలు.
రాశాను.
కాసేపాగి, రబ్బరుతో ఆ రెండు మాటలూ చెరిపేశాను.
పైన ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.